చర్చి ఉంది, సంఘం లేదు

అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఇండియానా రాష్ట్రానికి చెందిన చిన్న పట్టణం కొలంబస్. అక్కడ ఆరు పలకల చర్చి ఒకటుంది. దాని నడినెత్తిన 192 అడుగుల ఎత్తుకు సూదిలా లేచిన శిఖరం. నార్త్ క్రిస్టియన్ చర్చి అనే ఈ కట్టడానికి రూపకల్పన చేసిన ఈరో సారినెన్ అది పూర్తయ్యేదాకా బతకలేదు. ఆయన 1961లో చనిపోయారు, చర్చి 1964లో తెరుచుకుంది. 2000 సంవత్సరంలో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక కట్టడంగా గుర్తించింది. ప్రపంచం నలుమూలల నుంచీ ఆర్కిటెక్చర్ విద్యార్థులు చూసిపోయే ఆ చర్చిలో ప్రార్థనకు వచ్చేవాళ్లు మాత్రం ఏటికేడూ తగ్గారు. చివరికి 2022లో సంఘమే రద్దయింది. తాళం చెవులు 2023 ఆఖరులో కౌంటీ ప్రజా గ్రంథాలయం చేతికి వచ్చాయి.

చర్చిని గ్రంథాలయం తీసుకోవడమేమిటనే ప్రశ్నకు జవాబు ఆ కౌంటీ చరిత్రలోనే ఉంది. బార్తలొమ్యూ కౌంటీ 1821లో ఏర్పడింది. 1811 నాటి టిప్పెకనూ యుద్ధంలో గాయపడిన జోసెఫ్ బార్తలొమ్యూ పేరే దానికి పెట్టారు. కేంద్ర పట్టణానికి మొదట భూమి ఇచ్చిన జాన్ టిప్టన్ పేరిట టిప్టోనా అన్నారు. నెలలు తిరక్కుండానే మనసు మార్చుకుని కొలంబస్ చేశారు. టిప్టన్ అలిగి ఊరు విడిచిపోయాడని స్థానికులు నేటికీ చెప్పుకుంటారు. 1874లో ఐజక్ హాడ్జ్‌సన్ డిజైన్‌తో ఎర్ర ఇటుకల కోర్టు భవనం లేచింది. అది ఇప్పటికీ ఠీవిగానే ఉంది. కథ అక్కడితో ఆగి ఉంటే మొక్కజొన్న చేల మధ్య ఉన్న వందలాది కౌంటీల్లో ఇదీ ఒకటిగా మిగిలేది. 2020 లెక్కల ప్రకారం జనాభా 82 వేలు. మన దగ్గరైతే ఓ పెద్ద మండలానికి సరిపోతుంది.

కథను మలుపు తిప్పింది డీజిల్ ఇంజిన్. బ్యాంకరు డబ్ల్యూ.జి.ఇర్విన్ దగ్గర కారు డ్రైవరుగా పనిచేసిన క్లెసీ కమిన్స్ ఆయన పెట్టుబడితోనే 1919లో ఇంజిన్ల కంపెనీ పెట్టాడు. ఏళ్ల తరబడి అది నష్టాలే చవిచూసింది. 1934లో ఇర్విన్ కుటుంబ వారసుడు జె.ఇర్విన్ మిల్లర్ పగ్గాలు పట్టాక నిలదొక్కుకుంది. మన దేశానికీ ఈ పేరు కొత్తది కాదు. 1962లో పుణెలో కిర్లోస్కర్‌తో, 1993లో జంషెడ్‌పూర్‌లో టాటాలతో కలిసి కమిన్స్ సంస్థలు వచ్చాయి. ఆ ఇంజిన్ల మీద జనరేటర్లు, లారీలు నడిచాయి. ఆ ఉద్యోగాల దారిలోనే భారతీయ ఇంజినీర్ల కుటుంబాలు కొలంబస్‌లో స్థిరపడ్డాయి.

మిల్లర్ మామూలు పారిశ్రామికవేత్త కాదు. 1960లో అమెరికా చర్చిల జాతీయ మండలికి అధ్యక్షుడయ్యారు. నల్లజాతి పౌరహక్కుల ఉద్యమానికి మద్దతుగా నిలిచారు. దేశానికి తదుపరి అధ్యక్షుడు కావాల్సిన మనిషి అంటూ 1967లో ఎస్క్వైర్ పత్రిక ఆయన్ని ముఖచిత్రం చేసింది. కానీ ఆయన్ని ఊరు గుర్తుంచుకునేది బడుల వల్ల. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పిల్లల సంఖ్య పెరిగి, హడావుడిగా నాసిరకం బడులు కట్టేస్తున్న రోజుల్లో కమిన్స్ ఫౌండేషన్ ఒక ప్రతిపాదన పెట్టింది. ఫౌండేషన్ ఇచ్చే జాబితాలోంచి పాఠశాల బోర్డు తనకు నచ్చిన ఆర్కిటెక్టును ఎంచుకుంటే ఆయన ఫీజును ఫౌండేషన్ చెల్లిస్తుంది. కట్టే ఖర్చు మాత్రం ప్రజలదే. డిజైన్‌లో దాత వేలుపెట్టడు.

1957లో హ్యారీ వీస్ కట్టిన ష్మిట్ ప్రాథమిక పాఠశాలతో మొదలైన ఈ పద్ధతి తర్వాత ఇతర ప్రజా భవనాలకూ విస్తరించింది. రాబర్ట్ వెంచూరి అగ్నిమాపక కేంద్రం కట్టారు. ఐ.ఎం.పే 1969లో గ్రంథాలయం కట్టారు. ఆ ముంగిట హెన్రీ మూర్ కంచు తోరణం 1971లో వెలసింది. దానికి ఎదురుగా ఉన్నది ఈరో తండ్రి ఎలియెల్ సారినెన్ 1942లో కట్టిన ఫస్ట్ క్రిస్టియన్ చర్చి. ఆఖరికి కౌంటీ జైలుకు కూడా పేరున్న ఆర్కిటెక్టే కావాల్సివచ్చింది. 1991లో అమెరికా ఆర్కిటెక్టుల సంస్థ జరిపిన సర్వేలో భవన నిర్మాణ నాణ్యతకు ఈ చిన్న ఊరు షికాగో, న్యూయార్క్‌ల సరసన ఆరో స్థానంలో నిలిచింది.

దీన్ని పూర్తిగా పరోపకారమనుకోవడం అమాయకత్వం. ఇలాంటి మారుమూల పట్టణానికి మంచి ఇంజినీర్లు రావాలంటే వాళ్ల పిల్లలకు మంచి బడులుండాలి. మిల్లర్ లెక్కలో ఇదీ ఉంది. అసలు చిక్కు మరోచోట ఉంది. ఫౌండేషన్ చెల్లించింది ఆర్కిటెక్టు ఫీజు. అరవై ఏళ్ల తర్వాత పైకప్పు బాగుచేయాలన్నా, పాత గాజు పలకలు మార్చాలన్నా, పగుళ్లిచ్చిన ఇటుకలు తిరిగి పేర్చాలన్నా ఆ బిల్లు ఎవరిదో ఒప్పందంలో లేదు. చర్చిలైతే ఆ పథకం కిందికే రావు. అవి విశ్వాసుల చందాలతో నిలవాల్సినవి. మిల్లర్ 2004లో కన్నుమూశారు.

ఎలియెల్ సారినెన్ చర్చి పక్కన ఉన్న 166 అడుగుల గడియార స్తంభం ఇటుకలు సడలి ప్రమాదంలో పడినప్పుడు ఈ సమస్య నిలువెత్తున కనిపించింది. మరమ్మతుకు దాదాపు 32 లక్షల డాలర్లు కావాల్సివచ్చింది. ఫెడరల్ ప్రభుత్వం 5 లక్షలిస్తే తక్కినదానికి చందాలు కూడగట్టారు. 2022లో పని పూర్తయింది. అక్కడ పూనుకోవడానికి సంఘం ఉంది. అదే ఏడాది కొడుకు కట్టిన చర్చిలో సంఘమే లేకుండా పోయింది. భవనాన్ని ఎలా కాపాడాలో తేల్చే అధ్యయనానికి 2019లోనే గెట్టీ ఫౌండేషన్ నిధులిచ్చింది. అయితే అధ్యయనాలు ఆదివారం జనాన్ని రప్పించలేవు.

జాతీయ కట్టడమన్న హోదా కాపాడుతుందా అంటే, అదీ అంతంతే. అమెరికా చట్టం ప్రకారం సొంత డబ్బుతో ప్రైవేటు యజమాని తన కట్టడాన్ని మార్చినా, పడగొట్టినా ఆ హోదా అడ్డుకోలేదు. కొలంబస్‌లోనూ అన్నీ మిగల్లేదు. సీజర్ పెల్లి 1973లో కట్టిన కామన్స్ అనే మాల్‌ను ఉక్కు చట్రం మిగిల్చి విప్పేసి, 2011లో కొత్తగా తెరిచారు. కొన్ని భవనాలు కొత్త పనిలో బతికాయి. 1960 నాటి మేబెల్ మెక్‌డొవెల్ పాఠశాల వయోజన విద్యా కేంద్రమైంది. రిపబ్లిక్ దినపత్రిక గాజు భవనంలో ఒకప్పుడు వీధిలోకి కనిపిస్తూ ముద్రణ యంత్రాలు తిరిగేవి. పత్రిక తరలిపోయాక అందులోకి ఇండియానా విశ్వవిద్యాలయం ఆర్కిటెక్చర్ కోర్సు వచ్చింది.

అయినా భారతదేశంతో పోలిస్తే ఈ కౌంటీ అదృష్టం పెద్దదే. అక్కడ 36 ఏళ్ల వయసున్న చర్చి జాతీయ కట్టడమైంది. మన 1958 చట్టం ప్రకారం ప్రాచీన కట్టడం అనిపించుకోవాలంటే వందేళ్లు నిండాలి. ఢిల్లీ ప్రగతి మైదాన్‌లో రాజ్ రేవాల్ 1972లో కట్టిన హాల్ ఆఫ్ నేషన్స్‌ను 2017 ఏప్రిల్‌లో ఒక్క రాత్రిలో కూల్చేశారు. దానికి వయసు చాలలేదన్నదే వారసత్వ కమిటీ వాదన. అహ్మదాబాద్ ఐఐఎంలో లూయీ కాన్ కట్టిన వసతి గృహాలను పడగొట్టాలని 2020 డిసెంబరులో తలపెట్టి, గగ్గోలు రేగడంతో వెనక్కి తగ్గి, 2022లో మళ్లీ అదే దారి పట్టారు. మన వారసత్వం అంటే రాళ్లు, రాజులు. కాంక్రీటు కాదు.

ఇప్పుడు నార్త్ క్రిస్టియన్ చర్చి ఊరందరిదీ అయింది, పుస్తకం కోసం వచ్చేవాడు దేవుణ్ని నమ్మినా నమ్మకపోయినా. ఇది సరైన దారే, కాకపోతే చవకైనది కాదు. ఇండియానాలో ప్రజా గ్రంథాలయాలు ప్రధానంగా నడిచేది స్థానిక పన్నుల మీద. ఐ.ఎం.పే కట్టిన సొంత భవనానికే 50 ఏళ్లు దాటిన సంస్థ ఇప్పుడు రెండో కళాఖండాన్ని కూడా నెత్తికెత్తుకుంది. మిల్లర్ కాలంలో ఆర్కిటెక్టు ఎవరో పాఠశాల బోర్డు తేల్చేది. ఇప్పుడు ఆ శిఖరం కింద బల్లలు ఎక్కడ వేయాలో, ఏ మరమ్మతు ముందు చేయాలో, ఆ డబ్బు ఎవర్ని అడగాలో తేల్చాల్సింది గ్రంథాలయం ట్రస్టీలు.