కుదుపు తెలియకపోతే వేగమూ తెలియదు

పదో తరగతి పరీక్షలయ్యాయంటే చాలా ఇళ్లలో సైకిల్ మాట మొదలవుతుంది. మామూలు గేర్ల సైకిల్ కాదు, ముందూ వెనకా షాకబ్జర్లున్న మౌంటెన్ బైకే కావాలని పిల్లల పట్టుదల. షాపుల్లో దీన్ని డబుల్ సస్పెన్షన్ అంటారు. కుదుపులుండవు, నడుం నొప్పి రాదు, కింద పడరు అని చెబుతారు. మొదటిది కొంత నిజమే. మూడోది మాత్రం నమ్మి కొనకండి.

సస్పెన్షన్ ఉన్నది ముఖ్యంగా పట్టు కోసం. సౌఖ్యం ఆ తర్వాతి సంగతి. రాళ్లు, చెట్ల వేళ్లు ఉన్న వాలులో చక్రం గాల్లోకి లేస్తే బ్రేకు వేసినా పనిచేయదు, హ్యాండిల్ తిప్పినా సైకిల్ తిరగదు. వెనక చక్రం విడిగా పైకీ కిందికీ కదిలితే టైరు నేలను వదలదు. వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండల మట్టిదారుల్లో దిగేవారికి అందుకే ఇది అవసరం.

కానీ అది తొక్కేవారి బరువుకు సరిపోవాలి. మంచి సైకిళ్లలో గాలి నింపే షాకబ్జర్ ఉంటుంది. ఎక్కి కూర్చుంటే మొత్తం కదలికలో సుమారు 25 నుంచి 30 శాతం దిగేలా గాలి నింపుకొంటారు. చవక రకాల్లో చాలావరకు ఉత్త స్ప్రింగే. పెద్దల బరువుకు పెట్టిన స్ప్రింగు 40 కిలోల పిల్లాడి కింద సరిగా కదలదు. గట్టి దెబ్బకు నొక్కుకుపోయినా, తిరిగి లేచేటప్పుడు నెమ్మదింపజేసే ఏర్పాటు లేక సీటు వెనక నుంచి తన్నినట్టు లేస్తుంది. పైగా సైకిల్ బరువెక్కుతుంది, ప్రతి తొక్కుకూ ఊగుతుంది, కాళ్ల బలం కొంత ఆ ఊగులాటకే పోతుంది. కాలనీ రోడ్లకూ, హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన వేసిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ లాంటి నున్నటి దారికీ ఇది దండగ. నడుం సంగతంటారా, సైకిల్ సైజు, సీటు ఎత్తు ముందు చూడండి. పెడల్ అడుగుకు వచ్చినప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటే చాలు.

నన్ను భయపెట్టేది ఇంకొకటి. కుదుపు ఒక హెచ్చరిక. మామూలు సైకిల్ మీద గతుకుల్లో వేగం పెరిగితే చేతులు అదిరి, మనమే తగ్గిస్తాం. మెత్తగా పోయే సైకిల్ మీద పిల్లాడికి ఆ కబురు అందదు. మలుపు దగ్గర ఎర్రమట్టి, గులకరాళ్లు కనపడగానే ముందు బ్రేకు గట్టిగా నొక్కుతాడు. హ్యాండిల్ మీదుగా ఎగిరి పడతాడు. వాలులో సీటు మీంచి లేచి, రెండు పెడళ్లూ ఒకే ఎత్తులో ఉంచి, మోకాళ్లు, మోచేతులు వంచి, బరువు పాదాల మీద వేయాలి. మలుపులో కాదు, మలుపుకి ముందే వేగం తగ్గించాలి. ఇవి మైదానంలో నేర్పి ఆ తర్వాతే కొండకు పంపండి. హెల్మెట్ గురించి మళ్లీ చెప్పాలా? చెబుతున్నాను, గడ్డం కింద బెల్టు పెట్టుకోని హెల్మెట్ తలమీద ఉన్నా లేనట్టే.

అరచేయి ఆనించి పడ్డాక బొటనవేలి మొదట్లోని గుంటలో నొప్పి ఉంటే, మొదటి ఎక్స్‌రే బాగుందని వదిలేయకండి. అక్కడి చిన్న ఎముక చీలిక 10, 14 రోజుల తర్వాత గానీ కనిపించకపోవచ్చు. అప్పటిదాకా మణికట్టు కదలకుండా కట్టు ఉండాలి. మాలిష్ వద్దు.

పొట్ట దెబ్బ ఇంతకంటే మోసకారి. హ్యాండిల్ చివర గుచ్చుకుంటే పైకి రూపాయి బిళ్లంత కమిలిన మచ్చే ఉంటుంది. లోపల కాలేయం, ప్లీహం, క్లోమం, చిన్నపేగు దెబ్బతిని ఉండొచ్చు. పిల్లాడు లేచి దులుపుకొని ఇంటికొస్తాడు. తిడతారని పడ్డ సంగతే చెప్పడు. కొన్ని గంటలకో, మర్నాటికో నొప్పి పెరగడం, వాంతులు, పొట్ట గట్టిపడటం, ముఖం పాలిపోవడం మొదలవుతాయి. గ్యాస్ అనుకుని మాత్ర వేయకండి, నేరుగా ఆస్పత్రికి తీసుకురండి. హ్యాండిల్ తగిలిందని డాక్టర్‌కు మొదటే చెప్పండి. ఆ ఒక్క మాటతో ఏ పరీక్షలు చేయాలో తేలుతుంది. ఇంట్లో ఉన్న సైకిల్‌కి గ్రిప్పు చివర రబ్బరు చిరిగి ఇనుప గొట్టం బయటికి కనిపిస్తుంటే ఈ ఆదివారమే మార్పించండి.