ఒక్కడే తిరిగి వచ్చిన ఊరు



యొర్దాను దాటిన తరువాత యెహోషువ పన్నెండు రాళ్లను నిలువబెట్టించిన సంగతి మీరెరుగుదురు. ఈ రాళ్లెందుకని పిల్లలు అడిగిన రోజున పెద్దలు చెప్పవలసిన జవాబు ఒకటి ఉన్నది. రాయి తనంతట తాను మాట్లాడదు. అడిగే బిడ్డా ఉండాలి, చెప్పే పెద్దా ఉండాలి. ఈ నెల అటువంటి రాళ్లున్న ఒక చిన్న ఊరి సంగతి చెప్పదలచాను. ఆ ఊరి పేరు సెల్కిర్క్.

స్కాట్లాండు దేశానికి దక్షిణాన, ఇంగ్లాండు సరిహద్దుకు దగ్గరలో, ఎట్రిక్ అనే ఏటికి పైన గుట్ట మీద ఉన్నదది. జనాభా ఆరువేల లోపే. ‘కిర్క్’ అంటే వారి భాషలో దేవాలయము. ఊరి పేరులోనే మందిరమున్నది. తరువాతి కాలంలో ఏటి ఒడ్డున ఉన్ని మిల్లులు వెలిశాయి గాని, అంతకుముందు ఊరికి పేరు తెచ్చినది చెప్పులు, బూట్లు కుట్టే పని. అందుకే నేటికీ ఆ ఊరివారిని ‘సూటర్లు’ అంటారు, అనగా చెప్పులు కుట్టేవారు. ఆ పేరును వారు బిరుదుగా చెప్పుకుంటారు. ఊరివారు ఎవరికైనా గౌరవ పౌరసత్వమిస్తే, ఆయన ఎంతటివాడైనా సరే, చెప్పులు కుట్టడానికి వాడే పందివెంట్రుకల కుచ్చును ద్రాక్షారసంలో ముంచి పెదవుల మధ్యనుండి తీయాలి. అది ఆచారము. చెప్పులు కుట్టడం తక్కువ పని అనుకునే కళ్లకు ఇది వింతగా తోచవచ్చు. నాకైతే ఆ ఊరి మీద గౌరవం మొదట ఇక్కడే కలిగింది.

ఇక అసలు సంగతి. 1513లో ఇంగ్లాండు రాజు ఎనిమిదవ హెన్రీ ఫ్రాన్సు మీద యుద్ధానికి వెళ్లి ఉండగా, స్కాట్లాండు రాజు నాలుగవ జేమ్స్ సైన్యంతో ఇంగ్లాండులో ప్రవేశించాడు. సెప్టెంబరు 9న ఫ్లోడెన్ దగ్గర పోరు జరిగింది. ఆ ఒక్క సాయంత్రమే రాజు కూలాడు. ఆయన కుమారుడైన ఆర్చిబిషప్పు కూలాడు. ప్రభువులు, కూలివారు కలిసి స్కాట్లాండువారు పదివేలమంది వరకు చనిపోయారని అంచనా.

సెల్కిర్క్ నుండి ఎనభైమంది వెళ్లారట. తిరిగి వచ్చినది ఒక్కడే, ఫ్లెచర్ అనేవాడు. ఇది తరతరాలుగా ఊరి నోట నిలిచిన కథ. అతడు శత్రువుల జెండా ఒకటి చేతపట్టుకొని సంతవీధిలోకి వచ్చాడు. తల్లులు, భార్యలు చుట్టూ మూగి, మావాడేడీ, మావాడేడీ అని అడిగారు. అతనికి నోట మాట రాలేదు. జెండాను తల చుట్టూ తిప్పి నేలకు దించాడు. కొడవలి చేనును కోసినట్లు అందరూ పోయారని జనులకు తెలిసిపోయింది.

1913లో, ఆ యుద్ధానికి నాలుగువందల ఏండ్లు నిండినప్పుడు, ఊరివారు ఫ్లెచర్ విగ్రహం నిలబెట్టారు. చెక్కినవాడు పొరుగు ఊరైన గాలాషీల్స్‌కు చెందిన థామస్ క్లాపర్టన్. గెలిచిన సేనాపతికి కాక, ఓడి వచ్చి మాట రాక నిలబడినవానికి విగ్రహమెత్తిన ఊళ్లు ఎన్ని ఉంటాయి?

మరుసటి ఏడే, 1914లో, మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. ఆ విగ్రహం ముందునుండే కుర్రవాళ్లు మళ్లీ బయలుదేరారు. ఆ ప్రాంతపు ఊళ్ల యువకులతో ఏర్పడిన కింగ్స్ ఓన్ స్కాటిష్ బార్డరర్స్ పటాలము నాల్గవ దళము 1915 జూలై 12న టర్కీ దేశపు గల్లిపోలిలో దాడికి దిగింది. ఆ ఒక్క దినమే వందలమంది తిరిగి లేవలేదు. తంతి అందని వీధి సరిహద్దు ఊళ్లలో అరుదు.

చనిపోయినవారిని ఇంటికి తీసుకొని రాకూడదని అప్పటి బ్రిటిషు ప్రభుత్వం నిర్ణయించింది. ధనికునికైనా, కూలివానికైనా ఒకటే నియమము. గల్లిపోలిలో పడినవారిలో చాలామందికి సమాధి ఎక్కడో కూడా తెలియదు. అక్కడి హెలెస్ స్మారకం మీద ఇరవైవేలకు పైగా పేర్లున్నాయి. స్కాట్లాండులో ప్రతి చిన్న ఊరిలో రాతి స్మారకం ఎందుకున్నదో దీనిని బట్టి తెలుస్తుంది. తల్లికి పూలు పెట్టడానికి మట్టి లేదు. ఆ రాతిమీద ఉన్న పేరే ఆమెకు సమాధి. సెల్కిర్క్ స్మారకము ఎట్రిక్ టెర్రస్ అనే వీధిలో ఉన్నది.

ఏటా జూన్ నెలలో, రెండవ సోమవారం తరువాత వచ్చే శుక్రవారమున, ఊరివారు వందలాది గుర్రాల మీద పొలిమేర చుట్టివచ్చి సంతవీధిలో చేరుతారు. ఎన్నుకోబడిన యువకుడు వాద్యాలకు అనుగుణంగా ఊరి జెండాను తిప్పి నేలకు దించుతాడు. తరువాత వృత్తి సంఘాలవారు, విదేశాలలో ఉండే ఊరివారు, అందరికంటె చివర మాజీ సైనికులు అలాగే చేస్తారు. అప్పుడు రెండు నిమిషాలు మౌనము. తరువాత ఫ్లోడెన్ మృతుల శోకరాగము వాయిస్తారు.

ఇక్కడితో ఆపితే సగమే చెప్పినవాడనవుతాను. ఊరి దాపున ఫిలిప్‌హా అనే మైదానమున్నది. 1645 సెప్టెంబరు 13న, తెల్లవారి మంచులో, సంఘ వ్యవహారాలలో రాజు చేయి పెట్టరాదని నిబంధన చేసికొన్న కవనెంటర్లు, రాజు పక్షాన పోరాడే మాంట్రోజ్ సేనను ఓడించారు. మాంట్రోజ్ తప్పించుకున్నాడు. ప్రాణభయం లేదన్న మాట మీద ఆయుధాలు దించిన ఐరిష్ సైనికులను మాత్రం తరువాత చంపివేశారు. శిబిరంలో ఉన్న ఆడవారిని, పిల్లలను కూడా విడువలేదు. చంపుమని బోధకులే ఒత్తిడి చేశారని చరిత్రకారులు వ్రాస్తారు. చేతిలో బైబిలున్నవారు! వారు మన ప్రొటెస్టెంటు పితరులే. దీనిని మెత్తగా చెప్పడానికి నాకు చేతకాదు.

గెలిచినవారి జ్ఞాపకార్థం ఫిలిప్‌హాలో రాళ్లు పేర్చి కట్టారు. చంపబడిన స్త్రీల పేర్లు, పిల్లల పేర్లు ఎవరూ వ్రాసి ఉంచలేదు. న్యూఆర్క్ కోట దగ్గర ఒక పొలానికి మాత్రం ‘హతులైనవారి బీడు’ అనే అర్థం వచ్చే పేరు నిలిచిపోయింది.

ఫ్లోడెన్ రణభూమి ఇప్పటికీ ఇంగ్లాండు నేలలోనే, బ్రాంక్స్‌టన్ అనే పల్లె పక్కన ఉన్నది. అక్కడి గుట్టమీద 1910లో ఒక రాతి సిలువ నిలబెట్టారు. దానిమీద ఏ రాజు పేరూ లేదు. రెండు దేశముల వీరులకు అని మాత్రం చెక్కారు. ఏటా ఆగస్టులో కోల్డ్‌స్ట్రీమ్ అనే స్కాట్లాండు ఊరివారు గుర్రాల మీద సరిహద్దు దాటి వచ్చి, ఆ సిలువ యొద్ద పూలచక్రముంచి వెళతారు.