కంచె చేను మేస్తున్నది

"ఫెన్సింగు ఎన్నెకరాలకు అయ్యవారూ? రాతికూసాలు మీవేనా, మమ్మల్నే తెమ్మంటారా?"

కురబలకోట రైల్వే స్టేషను దగ్గర టీ అంగడిలో ఒక రైతు నన్నడిగిన ప్రశ్న ఇది. ఈ చుట్టుపట్ల పిల్లలకు ఫెన్సింగు నేర్పేవారు ఎవరైనా ఉన్నారా అని నేను విచారిస్తూ ఉంటే, ఆయన నన్ను ముళ్ళతీగ బేరానికి వచ్చినవాడిగా తలచాడు. ఇద్దరమూ నవ్వుకున్నాము. తీరా ఇంటికి వచ్చి నిఘంటువు తిరగవేస్తే ఆ రైతు అంత పొరపాటేమీ పడలేదని తేలింది. రక్షణ అనే అర్థం గల 'డిఫెన్స్' అనే ఆంగ్లపదానికి తల తెగిపోగా మిగిలినదే 'ఫెన్స్'. చేనికి చుట్టిన కంచె, చేత పట్టిన కత్తిసాము, రెండూ ఒకే మాట కడుపున పుట్టినవి.

కంచె ధర్మం చేనును కాచుట. కత్తిసాము సంఘం ధర్మం పిల్లలను కాచుట. నేను ఎరిగిన సంఘాలలో ఆ రెండవ ధర్మం మంట గలిసిందనీ, కంచెయే చేను మేస్తున్నదనీ నా అభియోగం. మిత్రులు కోపగించినా సరే, చెప్పక మానను.

కొన్నేళ్ళ క్రితం ఒక ప్రాంతీయ సంఘం వారి సామాను పెట్టెను తెరవగా చూచాను. పేరు చెప్పను. చెబితే తక్కిన సంఘాలవారు "మాది కాదులే" అని ఊరట చెందుతారు. చెమటతో తడిసిన చొక్కాలలో చుట్టి పెట్టిన కత్తులు, వాటి నిండా ఇటుకరంగు తుప్పు. జాలి లోపలికి సొట్ట పడిన ముఖకవచాలు. నాలుగు మడతలు వేసి అడుగున కుక్కిన లోహపు కోట్లు, వాటి మీద పచ్చగా నల్లగా మచ్చలు. ముడులు పడిన తీగలు. అన్నిటికంటె నన్ను బాధించినది, కత్తుల మొనల మీద ఎండిపోయిన పసుపు కుంకుమలు. మహర్నవమి నాడు ఆయుధపూజ చేశారట! తడి పసుపు పూసిన ఆ చేతికే పొడిగుడ్డతో తుడవడానికి తీరిక లేకపోయింది. అదే గదిలో గోడ మీద దండలు వేసుకున్న కార్యవర్గం ఫొటో. లెటర్‌హెడ్డు మీద పదకొండు పేర్లు. "సామాను పుస్తకం ఏదండీ?" అని అడిగితే ఆ పదకొండు మందిలో అక్కడున్న ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూచుకున్నారు.

"ఇంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా?" అనే వారుంటారు. చిన్నది కాదు. 1982లో రోమ్ నగరంలో జరిగిన ప్రపంచ పోటీలలో వ్లదీమిర్ స్మిర్నోవ్ అనే సోవియట్ వీరుడు ఆడుతున్నాడు. 1980 మాస్కో ఒలింపిక్సులో ఫాయిల్ విభాగపు స్వర్ణపతక విజేత అతడు. ఎదుటివాని కత్తి విరిగింది. విరిగిన కొన ముఖకవచపు జాలిని చీల్చుకొని లోనికి దిగింది. కొద్ది రోజులకు అతడు మరణించాడు. కత్తుల ఉక్కు, కవచాల బట్ట, జాలి గట్టితనం గురించి నేడున్న కఠిన నియమాలు చాలావరకు ఆ మరణం తరువాత వచ్చినవే. ముఖకవచపు జాలిని 12 కిలోల పోటు పరికరంతో పరీక్షించాలి. చొక్కా బట్ట ఎంత పోటుకు తట్టుకుంటుందో న్యూటన్లలో లెక్క ఉంటుంది: 350 ఒక మెట్టు, 800 పై మెట్టు. ఇదంతా పుస్తకంలో భద్రంగా ఉన్నది. కాని తుప్పు పుస్తకాలు చదవదు. తుప్పు తిన్న చోట గుంట పడుతుంది, గుంటలో పగులు మొదలవుతుంది, పగిలిన కత్తి ఒకనాడు విరుగుతుంది. విరిగిన కత్తి మొన మొద్దుగా ఉండదు.

ప్రాణభయం ఒక ఎత్తు. న్యాయం మరొక ఎత్తు. ఫాయిల్ ఆటలో మొండెం మీద తగిలిన పోటే లెక్కకు వస్తుంది. అందుకే మొండెం మీద లోహపు పోగులు నేసిన 'లామే' అనే కోటు తొడుగుతారు. కత్తి మొనలో చిన్న స్ప్రింగు మీట ఉంటుంది. అది 500 గ్రాముల బరువును తిరిగి పైకి నెట్టగలగాలి. ఎపే అనే కత్తికైతే 750 గ్రాములు. మొన కోటుకు తగిలితే రంగుదీపం వెలుగుతుంది, కోటు కాని చోట తగిలితే తెల్లదీపం. చెమటలోని ఉప్పు లోహపు పోగులను తిన్నదనుకోండి, కోటు మీద అక్కడక్కడ విద్యుత్తు పారని చచ్చుచోట్లు ఏర్పడతాయి. పిల్ల సరిగ్గా గుండె మీద పొడిచినా తెల్లదీపమే వెలుగుతుంది. తగిలిన పోటును తగలలేదని చెప్పే యంత్రంతో ఆ పిల్ల ఎవరితో మొరపెట్టుకోవాలి? ఓడిపోయి, తప్పు తనదేనని ఏడుస్తూ ఇంటికి పోతుంది. ఆ అన్యాయం చేసింది న్యాయనిర్ణేత కాదు, కోటును ఆరవేయని సంఘం.

దీనికి విదేశీ విద్య కావాలా? మదనపల్లె నీరుగట్టువారిపల్లెలో మగ్గం మీద పట్టుచీర నేసే ఏ ఇల్లాలినైనా అడగండి. జరీ చీరను ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంచరాదు, పిండరాదు, చెమటతో బీరువాలో పెట్టరాదు అని గడగడ చెబుతుంది. లామే మాత్రం ఏమిటి? పోగులలో లోహం ఉన్న బట్టే కదా! గోరువెచ్చని నీటిలో కొద్ది సబ్బుతో ముంచి తీసి, పిండకుండా నీడన వ్రేలాడదీయాలి. మడవరాదు. తెల్ల చొక్కాలకు బ్లీచింగు తగిలించరాదు, అది రక్షక దారాన్ని బలహీనం చేస్తుంది. ఆట ముగియగానే కత్తిని పొడిగుడ్డతో తుడిచి, తుప్పు కనబడితే సన్నని గరుకు కాగితంతో రుద్దాలి. నూనె పలుచగా పూయవచ్చు గాని మొన మీటకు అంటనీయరాదు. తీగలను మల్టీమీటరుతో చూడాలి, ఒక్కొక్క తీగ అడ్డగింపు 1 ఓం దాటరాదు. లామే మీద 5 ఓములు దాటరాదు. మదనపల్లె బజారులో టీవీలు బాగుచేసే కుర్రవాడికి ఈ పని ఒక పూటలో వస్తుంది. మన కార్యదర్శులకు ఏళ్ళు గడిచినా రాలేదు!

"ఇది దొరల ఆట. మనకు కబడ్డీ చాలదా?" అని ఒక వాదం. కత్తిసాము, కర్రసాము, గరిడీ అనే మాటలు మన పల్లెలు దొరల దగ్గర అప్పు తెచ్చుకున్నవి కావు. ఇక ఫెన్సింగు అంటారా, 1896 నుండి ప్రతి ఒలింపిక్సులోనూ ఉన్నది. ఆ వేదిక మీద మన దేశం నుండి మొట్టమొదట నిలిచినది భవానీదేవి. చెన్నైలో పుట్టిన ఆమె తండ్రిది మన సామర్లకోట, పురోహితుని ఇల్లు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఆమె తొలి పోరు 15-3తో గెలిచింది, రెండవ పోరులో 7-15తో ఓడింది. 2023లో ఆసియా పోటీలలో కాంస్యం తెచ్చింది. ఆమె బడిలో నేర్చుకునే రోజులలో సాధన వెదురుకర్రలతో సాగేదట. ఖరీదైన విద్యుత్ కత్తులను పోటీల కోసం దాచుకునేవారట. పేదరికం వారికి నేర్పిన ఆ జాగ్రత్త మన సంఘాలకు గ్రాంటు నేర్పలేకపోయింది.

"పాడైతే కొత్తవి అడుగుదాం, ప్రభుత్వం ఇస్తుంది" అన్నది రెండవ వాదం. ఇదే నాకు అసహ్యమైనది. టమాటా ధర పడిపోయి, కోతకూలి కూడా రాక పంటను రోడ్డు పక్కన పారబోసిన ఏడు ఆ తండ్రి తన కూతురికి ముఖకవచం కొనగలడా? సంఘం పెట్టెలో ఉన్నదే ఆ పిల్లకు గతి. ఉన్నవాళ్ళ పిల్లలు సొంత సంచీ భుజాన వేసుకొని వస్తారు. కాబట్టి పెట్టెలోని తుప్పు అందరినీ సమానంగా తినదు, ముందు లేనివాళ్ళ పిల్లలనే తింటుంది.

"పైన చట్టాలున్నాయి కదా" అన్నది మూడవది. ఉన్నాయి. భారత ఫెన్సింగ్ సంఘం 1974లోనే ఏర్పడింది. 2025 ఆగస్టులో పార్లమెంటు జాతీయ క్రీడా పాలన చట్టాన్ని ఆమోదించింది. జాతీయ సమాఖ్యల కార్యవర్గంలో 15 మందికి మించరాదు, నలుగురు స్త్రీలు, ఇద్దరు మేటి క్రీడాకారులు ఉండాలి అన్నది. మంచిదే. కాని ఢిల్లీ చట్టం కురబలకోట వచ్చి పెట్టె మూత తెరవదు. అది తెరవవలసినది మనం.

నేను కోరేది నాలుగే. సంఘంలో సామాను పుస్తకం ఉండాలి: ఏ కత్తి ఎప్పుడు వచ్చింది, ఎవరు వాడారు, ఎప్పుడు విరిగింది. నెలకొకసారి తల్లిదండ్రుల ఎదుట పెట్టె తెరిచి ప్రతి ముఖకవచాన్ని, ప్రతి తీగను పరీక్షించాలి, చెడినదాన్ని అక్కడే విరిచి పారవేయాలి. సాధన చివరి పావుగంట పిల్లలచేతనే కత్తులు తుడిపించాలి, అదీ పాఠమే. ఇక కార్యవర్గంలో ఒక్కరైనా ఆ పని స్వయంగా చేయగలవారు ఉండాలి. ఈ నాలుగూ లేని సంఘం ఇచ్చే సర్టిఫికెట్టు మీద ఎన్ని ముద్రలున్నా, నా దృష్టిలో అది చిత్తుకాగితం.

వచ్చే మహర్నవమికి కత్తులకు పసుపు కుంకుమలు వద్దు. ఒక పాత పంచె చింపి తెస్తాను. పూజ చేయదలచినవారు వచ్చి తలా ఒక పేలిక తీసుకోండి.

స్వస్తి.