పిల్లల ఆత్మరక్షణకు ఏ విద్య మంచిది?

ప్రతి ఏడాది జూన్‌లో బడి తెరవగానే యాక్టివిటీ ఫారాలు ఇంటికి వస్తాయి. డ్యాన్స్, చెస్, అబాకస్ పక్కనే కరాటే, తైక్వాండో గళ్లు కూడా ఉంటాయి. వాటిలో టిక్కు పెట్టే ముందు చాలామంది తల్లిదండ్రులు క్లాస్ టీచర్లను అడిగే ప్రశ్న ఒకటే: "రెండింట్లో ఏది మంచిదండీ? మా పాప తనను తాను కాపాడుకోగలిగితే చాలు." ఆ ప్రశ్న వెనకున్న భయం నిజమైనది. అందుకే "ఏదైనా మంచిదే" అని మర్యాదకు చెప్పి ఊరుకుంటే సరిపోదు. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. అందరూ ఒప్పుకోవాలని లేదు, కానీ ఫీజు కట్టే ముందు ఒకసారి ఆలోచించండి.

ముందు ప్రమాదం ఎలాంటిదో చూద్దాం

ఆత్మరక్షణ అనగానే మనకు సినిమా ఫైటు గుర్తొస్తుంది. చీకటి సందు, నలుగురు రౌడీలు, గాల్లోకి లేచే కాలు. మన పిల్లలకు ఎదురయ్యేవి చాలావరకు అలా ఉండవు. బస్సులో పెద్ద క్లాసు పిల్లవాడు కాలర్ పట్టుకుంటాడు. అపార్ట్‌మెంట్ కింద ఆడుకునేటప్పుడు ఎవరో వెనక నుంచి తోస్తారు, బ్యాగు లాగుతారు, కింద పడేసి మీద కూర్చుంటారు. అంటే పట్టుకోవడం, తోయడం, లాగడం. పంచ్ విసిరేంత దూరం, సమయం అక్కడ ఉండవు.

రెండో రకం ప్రమాదం ఇంకా కష్టమైనది. కేంద్ర మహిళా, శిశు అభివృద్ధి శాఖ 2007లో ఒక అధ్యయనం విడుదల చేసింది. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. వారిలో 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపును ఎదుర్కొన్నామని చెప్పారు. వేధించినవారిలో సగం మంది ఆ పిల్లలకు తెలిసినవారో, పిల్లలు నమ్మాల్సిన స్థానంలో ఉన్నవారో. అబ్బాయిలు కూడా బాధితుల్లో ఉన్నారు. ఇంటికి వచ్చిపోయే మనిషి మీద ఎనిమిదేళ్ల పాప కాలెత్తుతుందా? ఎత్తదు. మొదటి ప్రమాదానికి ఒంటికి శిక్షణ కావాలి. రెండోదానికి గొంతుకు కావాలి. ఏ విద్యను ఎంచుకున్నా ఈ రెండూ మనసులో పెట్టుకుని ఎంచుకోవాలి.

ఒక్కో విద్య ఏం నేర్పుతుంది?

కరాటే ఒకినావా దీవిలో పుట్టింది. గిచిన్ ఫునాకోషి 1922లో టోక్యోలో ప్రదర్శించాక జపాన్ అంతటా పాకింది. గుద్దు, తన్ను, అడ్డుకోవడం దీని పునాది. పిల్లలకు నిలకడ, ఏకాగ్రత, సమయపాలన బాగా వస్తాయి. కానీ చాలా క్లాసుల్లో పిల్లలు వరసలో నిలబడి గాల్లోకే కొడుతుంటారు. కటా ఎంత అందంగా చేసినా, చెయ్యి పట్టుకుని లాగే మనిషి అందులో ఉండడు.

తైక్వాండో కొరియా విద్య. 2000 సిడ్నీ ఒలింపిక్స్ నుంచి పతకాల క్రీడ. కాళ్ల వాడకంలో దీన్ని మించింది లేదు. అయితే పోటీ నిబంధనల ప్రకారం ఎదుటివారిని పట్టుకోకూడదు, ముఖం మీద గుద్దకూడదు. ఆటకు అవి మంచి నియమాలే. కానీ బస్సులో కాలర్ పట్టుకున్నవాడికి ఆ నియమాలు తెలియవు.

బాక్సింగ్ అనగానే మనకు నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ గుర్తొస్తుంది. 2022లోనూ, 2023లోనూ ప్రపంచ ఛాంపియన్ అయింది. ఆమెను చూసి ఎందరో ఆడపిల్లలు గ్లవ్స్ తొడుక్కోవాలనుకోవడం సంతోషించాల్సిన విషయం. అయితే చిన్నపిల్లల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తలకు తగిలే దెబ్బల కారణంగా పిల్లలు, టీనేజర్లు బాక్సింగ్ పోటీల్లో పాల్గొనడాన్ని అమెరికా, కెనడా పిల్లల వైద్యుల సంఘాలు 2011లో వ్యతిరేకించాయి. బ్యాగును కొట్టడం, ఫుట్‌వర్క్ వరకు అయితే భయం లేదు.

క్రావ్ మగా పేరు ఈమధ్య నగరాల్లో బాగా వినిపిస్తోంది. ఇమి లిక్టెన్‌ఫెల్డ్ రూపొందించాడు, ఇజ్రాయెల్ సైన్యంలో ఎదిగింది. పెద్దవాళ్ల కోసం పుట్టిన విద్య కాబట్టి, పిల్లలకు వేరుగా నేర్పేవాళ్లు దొరికితేనే ఆలోచించాలి. ఇక మన కర్రసాము. చేతికి, కంటికి పొందిక కుదరడానికి, మన ఊళ్ల విద్య బతకడానికి తప్పకుండా నేర్పించాలి. కానీ బడికి కర్ర తీసుకెళ్లరు కదా.

జూడోను 1882లో జిగోరో కానో మొదలుపెట్టాడు. వృత్తిరీత్యా ఆయన ఉపాధ్యాయుడు, ప్రధానోపాధ్యాయుడిగా కూడా పనిచేశాడు. బహుశా అందుకే ఇందులో పాఠాల వరస కూడా ఒక టీచర్ ఆలోచించినట్టే ఉంటుంది. మొదటి పాఠం పడటం. తల నేలకు తగలకుండా, చేతులు విరగకుండా ఎలా పడాలో నేర్పిస్తారు. తర్వాత పట్టుకోవడం, పట్టు విడిపించుకోవడం, ఎదుటివారి బలాన్నే వాడుకుని వారిని పడేయడం, మీద కూర్చున్నవారి కింద నుంచి బయటపడటం. రోజూ ఒక తోటి పిల్లవాడు నిజంగా లాగుతుంటే, తోస్తుంటే నేర్చుకుంటారు.

ప్రాథమిక, మాధ్యమిక తరగతుల పిల్లలకు నా మొదటి ఎంపిక జూడో. దగ్గర్లో రెజ్లింగ్ నేర్పేవారు ఉంటే అదీ మంచిదే. పట్టుకుని లాగే ప్రమాదానికి పట్టు విద్యే సరైన జవాబు అని నా నమ్మకం. పైగా ముప్పై కిలోల పిల్లవాడు కొట్టే దెబ్బ పెద్దమనిషిని ఆపలేదు. చెయ్యి విడిపించుకుని పరుగెత్తగలిగితే మాత్రం ప్రాణం దక్కుతుంది. మీ ఊళ్లో జూడో లేకపోతే దిగులు పడనక్కర్లేదు. జోడీగా సాధన చేయించే కరాటే క్లాసు, జోడీ సాధన లేని ఏ క్లాసు కన్నా మేలు.

క్లాసు చూసి చేర్పించండి

విద్య పేరు కన్నా ముఖ్యమైనది నేర్పే తీరు. కరపత్రం చూసి కాకుండా, ఒక గంట క్లాసు చూసి నిర్ణయించుకోండి. అప్పుడు ఇవి గమనించండి.

జోడీలో ఉన్న పిల్లవాడు నిజంగా ప్రతిఘటిస్తున్నాడా, లేక చెప్పిన వెంటనే పడిపోతున్నాడా? ఎదురు లాగేవారు లేకుండా నేర్చుకున్నది అవసరానికి గుర్తురాదు.

కింద మంచి మ్యాట్ ఉందా? పడటం నేర్పుతున్నారా? సిమెంటు నేల మీద పడేయడం నేర్పే చోట పిల్లలను ఉంచకండి.

బెల్టు పరీక్షలు ఏడాదికి ఎన్ని? ఒక్కోదానికి ఎంత కట్టాలి? అందరూ ప్రతిసారీ పాసవుతున్నారా? ర్యాంకుల పద్ధతిని మొదలుపెట్టింది కానోయే, కరాటే దాన్ని జూడో నుంచి తీసుకుంది. నేర్చుకున్నదానికి గుర్తుగా పుట్టిన బెల్టు కొన్నిచోట్ల రసీదులా మారిపోయింది. రెండేళ్లు తిరక్కుండానే నడుముకు నల్లబెల్టు వస్తే, పిల్లకు బలం వచ్చిందో అతినమ్మకం వచ్చిందో మనమే చూసుకోవాలి. అతినమ్మకం భయం కన్నా ప్రమాదం.

తల్లిదండ్రులు ఎప్పుడైనా వచ్చి కూర్చుని చూడవచ్చా? "మీరుంటే పిల్లల ధ్యాస పోతుంది" అని రోజూ తలుపు వేసే చోట చేర్చకండి. భంగిమ సరిచేయడానికి ముట్టుకునే ముందు కోచ్ పిల్లలకు చెబుతున్నారా? ఆడపిల్లల బ్యాచ్‌లో మహిళా శిక్షకురాలు ఉన్నారా?

చివరిగా, పరుగెత్తడం, అరవడం, పెద్దవాళ్లకు చెప్పడం కూడా నేర్పుతున్నారా? గెలవడం మాత్రమే నేర్పే చోట ఆత్మరక్షణ సగమే దొరుకుతుంది.

ఇక్కడ జపాన్ ఉదాహరణ ఒకటి చెప్పాలి. ప్రాథమిక పాఠశాల పిల్లలకు జరిపే జాతీయ స్థాయి పోటీలను జపాన్ జూడో సమాఖ్య 2022లో రద్దు చేసింది. గెలుపు కోసం పెద్దవాళ్లు చేసే ఒత్తిడి శ్రుతి మించిందన్నదే కారణం. జూడో పుట్టిన దేశమే అలా ఆలోచించింది. ఇప్పటికే ర్యాంకులతో నిండిన మన పిల్లల బతుకుల్లో ఇది కూడా ఇంకో ర్యాంకు కాకూడదు.

కాలు కన్నా ముందు గొంతు

కెనడాలో 3 విశ్వవిద్యాలయాల్లో మొదటి సంవత్సరం చదివే అమ్మాయిలకు 12 గంటల శిక్షణ ఇచ్చి, ఏడాది తర్వాత ఏం జరిగిందో పరిశీలించారు. ఫలితాలు 2015లో వచ్చాయి. శిక్షణ పొందినవారిలో అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం, పొందనివారిలో 9.8 శాతం. ఆ 12 గంటల్లో చేతులు, కాళ్లు వాడటం ఒక భాగం మాత్రమే. మిగతాదంతా తెలిసినవారి ప్రవర్తనలో ప్రమాదాన్ని గుర్తుపట్టడం, మొహమాటాన్ని దాటడం, గట్టిగా "వద్దు" అనడం. వాళ్లు మన పిల్లల కన్నా పెద్దవాళ్లే. అయినా మొహమాటం అన్నది మన ఇళ్లలో ఇంకా ఎక్కువ కాబట్టి, పాఠం మనకూ పనికొస్తుంది.

మన ఇంట్లో పిల్లలకు "వద్దు" అనే హక్కు ఉందా? "అంకుల్ అడుగుతున్నారుగా, ముద్దు పెట్టు", "మామయ్య ఒళ్లో కూర్చో, ఏమవుతుంది" అని మనమే అంటాం. ఇష్టం లేదని మొహం తిప్పుకుంటే పొగరు అంటాం. బడిలో మేమూ తక్కువేం కాదు. పిన్‌డ్రాప్ సైలెన్స్ ఉన్న క్లాసునే మెచ్చుకుంటాం. రోజంతా మాట వినడమే మంచితనమని నేర్పి, ఆపద సమయంలో మాత్రం ఎదురు తిరగాలని ఆశిస్తే ఎలా? వారానికి రెండు గంటల క్లాసు దాన్ని మార్చలేదు. ఎవరినైనా ముట్టుకోనివ్వాలో లేదో చెప్పే హక్కు పిల్లలదేనని ముందు మన ఇంట్లో ఒప్పుకోవాలి.

ఇంగ్లీష్ మీడియం టీచర్‌గా ఇంకో మాట. "డోంట్ టచ్ మీ" అని పిల్లలకు వాక్యాలు బట్టీ పట్టిస్తున్నాం. భయం వేసినప్పుడు నోటికి వచ్చేది ఇంటి భాషే. ఆటో డ్రైవర్‌కి, కిరాణా కొట్టు ఆవిడకి, వాచ్‌మన్‌కి వెంటనే అర్థమయ్యేదీ అదే. అందుకే ఇంట్లో మీ భాషలో సాధన చేయించండి. "ముట్టుకోవద్దు!", "ఈయన ఎవరో నాకు తెలీదు, సాయం చేయండి!" అని గొంతెత్తి అరవమనండి. మొదటిసారి నవ్వుతారు, సిగ్గుపడతారు. పదోసారి గొంతు లేస్తుంది. 1098, 112 నంబర్లు ఎక్కాల్లా నోటికి రావాలి. చెప్పిన పిల్లను "నువ్వెందుకు వెళ్లావు" అని మొదటే నిలదీయకండి. ఆ ఒక్క మాటతో రెండోసారి చెప్పడం మానేస్తారు. 2012 పోక్సో చట్టం కింద పిల్లల వాంగ్మూలం ఇంటి దగ్గరే తీసుకోవచ్చు, అధికారి యూనిఫాంలో రాకూడదు. పోలీస్ స్టేషన్ మెట్లెక్కాలన్న భయంతో విషయం దాచాల్సిన అవసరం లేదు.

మధ్యలో మాన్పించకండి

పది రోజుల సమ్మర్ క్యాంపుతో ఆత్మరక్షణ రాదు. వారానికి రెండు రోజుల చొప్పున రెండేళ్లు చేస్తే ఒంటికి అలవాటవుతుంది. కానీ అవసరం పెరిగే వయసులోనే మనం మాన్పిస్తున్నాం. అమ్మాయి ఎనిమిదో తరగతికి రాగానే "పెద్దపిల్లయింది, ఇంకా ఈ గెంతులేమిటి" అంటారు. అబ్బాయినైతే తొమ్మిదిలో ఫౌండేషన్ క్లాసుల కోసం మాన్పిస్తారు. ఒంటరిగా బస్సెక్కడం, ట్యూషన్ నుంచి చీకటి పడ్డాక రావడం మొదలయ్యేది సరిగ్గా అప్పుడే.

సమగ్ర శిక్షా పథకం కింద ప్రభుత్వ పాఠశాలల్లో 6 నుంచి 12 తరగతుల బాలికలకు 3 నెలల ఆత్మరక్షణ శిక్షణకు నిధులు ఇస్తున్నారు. ఫీజు కట్టి చదివించే బడుల్లో మాత్రం ఇది ఫారంలో ఒక ఐచ్ఛిక గడిగానే మిగిలింది. టైంటేబుల్‌లో అందరు పిల్లలకూ, అబ్బాయిలతో సహా, వారానికి ఒక పీరియడ్ ఉండాలని నా కోరిక. తదుపరి పేరెంట్ టీచర్ మీటింగ్‌లో మార్కుల తర్వాతైనా మీరు ఈ విషయం అడగండి. తల్లిదండ్రులు గట్టిగా అడిగినవి బడులు వింటాయి. ఈలోగా వచ్చే ఆదివారం మీ పిల్లల చెయ్యి పట్టుకుని దగ్గర్లోని ఒక క్లాసుకు వెళ్లి, ఓ గంట కూర్చుని చూసి రండి.