బాకీ లెక్కలు – 9: సలహాకు ఎంత కడ్తవ్?

దసరా సెలవులకు ఊరికి పోయినప్పుడు మా ఇంటికి ఒక సర్వే పిల్లగాడు వచ్చాడు. చేతిలో ట్యాబ్. నాయినను అడిగాడు:

"వ్యవసాయ సలహాలు ఫోన్‌కు పంపిస్తే నెలకు ఎంత కడ్తవ్ పెద్దాయనా? ఇరవయ్యా, యాభయ్యా, వందా?"

"చెప్పే సారు చేనుకాడికి వస్తడా?"

"రాడు. మెసేజ్ వస్తది."

"షాపు సేటుకు కడ్తనే ఉన్న గద బిడ్డా. ఇంకెవలికి కట్టాలె?"

పిల్లగాడు 'చెల్లించే సంసిద్ధత లేదు' అన్న గడి మీద వేలు పెట్టాడు. వాడి తప్పేం లేదు. నాయిన జవాబుకు ఆ ట్యాబ్‌లో గడి లేదు.

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ని కాబట్టి నాకు ఆ 'సంసిద్ధత' దగ్గరే ముల్లు గుచ్చుకుంది. సంసిద్ధత మనసుకు సంబంధించిన మాట. స్థోమత జేబుకు సంబంధించిన మాట. మూడెకరాలు కౌలుకు చేసి, పత్తి ఏరి అమ్మితే తప్ప పైసా కంటపడని మనిషిని నెలనెలా కట్టమంటారు. లేదంటే 'ఇష్టం లేదు' అని రాసుకుంటారు. జేబు ఖాళీ అయితే మనసు కూడా లేనట్టేనా?

నాయిన చెప్పింది అక్షరాలా నిజం. పత్తికి పచ్చదోమ పడితే నాలుగు ఆకులు తెంపుకుని మందుల షాపుకు పోతాడు. సేటు ఆకు తిప్పి చూసి రెండు డబ్బాలు ముందు పెడతాడు. ఒకటి చాలదా అని అడిగే ధైర్యం నాయినకు ఉండదు. విత్తనం నుంచి యూరియా దాకా అంతా ఆ షాపులోనే ఉద్దెర. నూటికి మూడు రూపాయల మిత్తి. సలహా ఊరికే చెప్పినట్టే ఉంటుంది. దాని ఫీజు ఆ రెండో డబ్బాలో ఉంది, మిత్తిలో ఉంది.

ఇది మా ఒక్క ఇంటి ముచ్చట అనుకోకండి. 2003 జాతీయ నమూనా సర్వేలో ప్రభుత్వ విస్తరణ ఉద్యోగి నుంచి సమాచారం అందిందన్న రైతు కుటుంబాలు దేశం మొత్తం మీద నూటికి 6 కూడా లేవు. మందులు, ఎరువులు అమ్మే డీలర్ చెప్పాడన్నవాళ్లు 13. అదే 2003లో హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ ఆ డీలర్లకే విస్తరణ సేవల్లో డిప్లొమా మొదలుపెట్టింది. డీలర్ చదువుకుంటే మంచిదే. కానీ మందు అమ్మితేనే లాభం వచ్చే మనిషి 'ఈసారి మందు అక్కర్లేదు, పో' అని చెప్తాడా?

"ఉచితంగా ఇస్తే విలువ ఉండదు" అంటారు మేధావులు. ఆ ఉచితం మా వాడ దాకా ఎప్పుడొచ్చింది సార్? తెలంగాణలో ఐదు వేల ఎకరాలకు ఒక క్లస్టర్, ఒక విస్తరణాధికారి. 2,601 రైతు వేదికలు కట్టారు. ఐదు వేల ఎకరాలు ఒక్క మనిషి ఎట్లా తిరుగుతాడు? రోడ్డు పక్క చేనుకు పోతాడు, కుర్చీ వేసే ఇంటికి పోతాడు. 2018లో వచ్చిన రైతుబంధు పట్టాదారుకే పోయింది, కౌలుదారుకు రాలేదు. మా వాడలో దున్నేవాళ్లు చాలామంది కౌలుదారులే. కాగితం మీద రైతే కానివాడికి సలహా ఎవరు చెప్తారు?

చదువుకున్నోళ్లు చెప్తేనే సలహా అన్నది ఇంకో అబద్ధం. జహీరాబాద్ దగ్గర మాచునూరులో 2008లో దళిత మహిళలు సంఘం రేడియో పెట్టారు. విత్తనాల గురించి, పంటల గురించి తమ యాసలో తామే చెప్పారు. వాళ్ల దగ్గర అమ్ముకోవడానికి మందు డబ్బా లేదు. ఆ మాటకు బలం అక్కడే ఉంది.

రేపు సలహాకు ఫీజు పెడితే కట్టగలిగినోడు కడతాడు. అధికారి, యాప్, శాస్త్రవేత్త అందరూ అటే పోతారు. మాకు మళ్లీ షాపు సేటే గతి. అప్పుడు "వాళ్లకు అవసరం లేదట, సర్వేలో చెప్పారు" అంటారు.

మూడు పనులు చేయండి. సలహా చెప్పేవాడు మందు అమ్మకూడదు. భూమి ఎవరు దున్నుతున్నారో వాళ్ల పేరు రైతుల జాబితాలో ఉండాలి. విస్తరణాధికారుల సంఖ్య పెంచి, మా చేన్లకు కూడా పంపాలి.

ఇవి చేసినంక ట్యాబ్ పట్టుకుని రండి. నాయిన ఇంటికాడనే ఉంటాడు.

జై భీమ్.