కొనడానికి తలుపులు బార్లా.. కౌలుకు మాత్రం తాళమే!

కర్ణాటక భూ చట్టం సవరణతో సాగుదారుకు ఒరిగిందేమిటి?

డబ్బుంటే చాలు, కర్ణాటకలో ఇప్పుడు సాగుభూమి ఎవరైనా కొనొచ్చు. సీలింగు దాటకపోతే సరి. 2020కి ముందు ఇలా కుదిరేది కాదు. వ్యవసాయేతర ఆదాయం ఏడాదికి 25 లక్షల రూపాయలు దాటినవారికి భూసంస్కరణల చట్టంలోని 79ఎ సెక్షన్, సేద్యం చేయనివారికి 79బి అడ్డుపడేవి. 1974లో దేవరాజ్ అరసు హయాంలో వచ్చిన ఈ సెక్షన్లను యడియూరప్ప ప్రభుత్వం 2020 జులైలో ఆర్డినెన్సుతో ఎత్తేసింది. రైతు సంఘాలు రోడ్డెక్కినా డిసెంబరులో బిల్లు గట్టెక్కింది.

పెట్టుబడులొస్తాయి, రైతుకు మంచి ధర పలుకుతుంది, ఈ సెక్షన్ల పేరు చెప్పి ఆఫీసుల్లో గుంజే లంచాలు ఆగుతాయి.. అని సర్కారు అప్పట్లో చెప్పిన మాట. పూర్తిగా కొట్టిపారేయలేం. అమ్ముకునేవాడికి గిరాకీ పెరగడం మేలే. మరి అమ్మడానికి సెంటు భూమి లేనివాడి సంగతి?

తుంగభద్ర ఆయకట్టులో గంగావతి, సింధనూరు, సిరుగుప్ప వైపు ఈ ప్రశ్నకు బరువెక్కువ. కాలువ నీళ్లొచ్చాక కోస్తా జిల్లాల నుంచి వచ్చినవాళ్లు ఇక్కడ క్యాంపులు కట్టుకుని వరి పండించారు. ఆ భూముల్లో నోటిమాట కౌలు మామూలే. చట్టం దృష్టిలో మాత్రం అది లేనే లేదు. సైనికులు, నావికుల వంటి కొద్దిమందికి తప్ప కౌలుకివ్వడాన్నే అయిదో సెక్షన్ నిషేధించింది.

1974లో ఆ నిషేధానికి అర్థముంది. దున్నేవాడికే భూమి అంటూ ట్రిబ్యునళ్లు పెట్టి, కౌలుదార్లకు హక్కులిచ్చారు. ఆ భయం యజమానుల్లో ఇంకా పోలేదు. కాగితం రాస్తే పొలం పోతుందేమోనని రాయరు, ఒకరికే ఎక్కువ కాలం ఇవ్వరు. కాగితం లేకపోతే బ్యాంకు పంట రుణం లేదు. పంట మునిగితే పరిహారం పహణీలో పేరున్నవాడికే. అప్పు మాత్రం కౌలుదారు నెత్తినే! ఎరువుల కొట్లో, కమీషను మండీలో తెచ్చిన అప్పుకు పంట కూడా అక్కడే తూచాలి.

నీతి ఆయోగ్ 2016లోనే నమూనా కౌలు చట్టం తయారుచేసింది. యజమాని హక్కు చెక్కుచెదరకుండా కౌలుదారుకు రుణం, బీమా అందించడమే దాని సారాంశం. సరిహద్దు అవతల ఆంధ్రప్రదేశ్ 2011లో రుణ అర్హత కార్డులు, 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. అదీ అంతంతమాత్రమే. 2019 చట్టంలో యజమాని సంతకం కావాలన్నారు, ఆ సంతకం దగ్గరే చాలామంది ఆగిపోయారు. అయినా అక్కడ కౌలుదారనే మనిషి ఉన్నాడని చట్టం ఒప్పుకుంది. కర్ణాటకలో 2020 సవరణ కొనేవాడి అడ్డు తీసింది కానీ, అయిదో సెక్షన్ జోలికి పోలేదు. కొత్తగా కొన్నవాళ్లలో స్వయంగా నాగలి పట్టేదెందరు? వాళ్ల పొలాలూ మళ్లీ నోటిమాట కౌలుకే వస్తాయి.