రీకాల్ కబురు లారీ డ్రైవర్‌కి చేరుతుందా?

పీర్జాదిగూడ నుంచి ఉప్పల్ వైపో, ఘట్‌కేసర్ కాలేజీల వైపో రోజూ వెళ్లే మీకు వరంగల్ హైవే మీద లారీలు కొత్తేం కాదు. ముందు బైకు మీద మీరు, వెనక ఫుల్ లోడుతో లారీ. ఆ మోడల్ బ్రేకుల్లో లోపం ఉందని కంపెనీయే ప్రకటించిందనుకోండి. ఆ కబురు స్టీరింగ్ పట్టుకున్న మనిషికి చేరిందా? గ్రూప్ డిస్కషన్‌లో ‘రీకాల్’ టాపిక్ వస్తే అడగాల్సిన ప్రశ్న ఇదే.

ముందు ఒక తేడా తెలియాలి. లైనింగులు అరిగినా, ఓవర్‌లోడుతో ఘాట్ దిగేటప్పుడు డ్రమ్ములు వేడెక్కి బ్రేకు పట్టకపోయినా అది మెయింటెనెన్స్, నడిపే తీరుకి సంబంధించిన సంగతి. ఒకే బ్యాచ్ బండ్లన్నిటిలో ఒకే పార్టు తేడాగా ఉంటే అది తయారీ లోపం. రీకాల్ ఉన్నది దీనికే. ‘బ్రేకులు ఫెయిలై’ అని వార్తల్లో రాసేటప్పుడు రెండూ కలిసిపోతాయి.

2021 డిసెంబరులో రాయల్ ఎన్‌ఫీల్డ్ బ్రేకు బ్రాకెట్ లోపంతో 26,300 క్లాసిక్ 350 బైకుల్ని వెనక్కి పిలిచింది. 2022 అక్టోబరులో మారుతి వెనక బ్రేకు పిన్ను అనుమానంతో 9,925 కార్లను పిలిచింది. వెంటనే ఎవరో ఒకరు ‘అంటే నాసిరకం కంపెనీలేగా’ అంటారు. ఒప్పుకోకండి. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేర్చిన 110ఎ సెక్షన్ ప్రకారం, లోపాన్ని తానే గుర్తించి ప్రభుత్వానికి చెప్పి రీకాల్ మొదలుపెట్టిన కంపెనీకి జరిమానా ఉండదు. ప్రభుత్వం ఆదేశించే దాకా వస్తే, 2021 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న రూల్స్ కింద 10 లక్షల నుంచి కోటి రూపాయల దాకా పడుతుంది. ముందు నోరు విప్పినవాడికే లాభం.

కానీ ఈ లెక్క లారీల దగ్గర తప్పుతుంది. ఆ రూల్స్ వర్తించేది తయారై 7 ఏళ్లు దాటని బండ్లకే. మన రోడ్ల మీద లారీలు అంతకు మించి నడుస్తాయి, చేతులు మారతాయి. లెటరు మొదటి ఓనరు పాత అడ్రసుకి వెళ్తుంది, అదీ ఇంగ్లిషులో. ఇప్పటి ఓనరుకి తెలిసినా, పార్టు ఫ్రీ అన్నంత మాత్రాన బండి షెడ్డుకి రాదు. ఒకరోజు ఆగితే కిరాయి పోతుంది, ఈఎంఐ మాత్రం ఆగదు. ఈ నష్టం ఎవరు భరించాలో తేల్చకుండా ఎన్ని ప్రకటనలిచ్చినా సగం పనే అయినట్టు.

మీకు ఉద్యోగాలున్నది కూడా ఆ మిగిలిన సగంలోనే. వర్క్‌షాపుల నుంచి వచ్చే వారంటీ క్లెయిములు చూసి, ఒకే పార్టు పదేపదే వస్తోందని ముందే పసిగట్టేది డేటా అనలిస్టు. ఎక్సెల్, ఎస్‌క్యూఎల్ చాలు, బీటెక్కే కానక్కర్లేదు. ఆ పార్టు ఏ సప్లయర్ ఏ బ్యాచ్‌లోదో వెతికేది క్వాలిటీ ఇంజినీరు. మెకానికల్ వాళ్లు ఎఫ్‌ఎంఈఏ, 8డి రిపోర్టు నేర్చుకుని వెళ్లండి. డిప్లొమా, ఐటీఐ వాళ్లకి సర్వీస్ సెంటర్లున్నాయి. అక్కడ డ్రైవర్ అన్నతో తెలుగులోనో, హిందీలోనో ఫోన్లో మాట్లాడి బండిని రప్పించగలిగితే అదీ స్కిల్లే, రెజ్యూమెలో రాయండి.

ఇంటర్వ్యూకి ముందు మీ బైకు ఆర్‌సీ తీసి ఛాసిస్ నంబరు చూడండి. ఏ బండికి రీకాల్ వర్తిస్తుందో తేల్చేది అదే. చాలా కంపెనీల వెబ్‌సైట్లలో ఆ నంబరు కొడితే తెలిసిపోతుంది. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బైకైతే ఇవాళే చూడండి.